పన్నెండు తీగల గిటారు, మిల్లు ఫిట్టరు

మురుంగపాక్కంలో పి. ముని గిటార్లు బాగుచేస్తాడని ఊళ్ళోని పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్‌లో గిటారు పట్టిన ప్రతివాడికీ తెలుసు. బోర్డు లేదు. ఇంటి వసారాలో ఒక బల్ల, గోడకు నాలుగు రెంచీలు, అంతే. ఆయన పెద్దలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి మిల్లులో చేరారు. ఆయనా అందులోనే ఇరవై ఎనిమిదేళ్లు మగ్గాల ఫిట్టరుగా చేశాడు. మిల్లు మూతపడ్డాక ఏదో గెస్ట్‌హౌస్‌లో కుర్చీలు బాగుచేయడానికి వెళ్ళి, అక్కడ మెడ విరిగిన గిటారు చూసి అతికించి ఇచ్చాడట. అలా మొదలైంది. పాట రాదు, వాయించడమూ రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, రాసి ఇస్తే చదవలేడు.

నేను యానాం నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తాను. శని, ఆదివారాలు వైట్ టౌన్‌లో వాయిస్తుంటాను. ఎనిమిదేళ్లు కడుపు కట్టుకుని పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను. దానికి వైబ్రాటో టెయిల్‌పీస్ పెట్టించాలని నా పిచ్చి. తీగల చివరలు పట్టుకుని ఉండే ఇనప సామాను అది. దాని చెయ్యి నొక్కితే తీగలు వదులై స్వరం వణుకుతుంది, వదిలితే మళ్ళీ సరిగ్గా మొదటి చోటికే రావాలి. ఆరు తీగలకే అది మొండికేస్తుంది. పన్నెండంటే లాగుడు రెట్టింపు. ఎవరూ ఒప్పుకోకపోతే మునిగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన గిటారును చంటిపిల్లను తిప్పినట్టు తిప్పి చూశాడు.

"దీంతో వచ్చిన స్ప్రింగు చాలదు సారు. మగ్గం స్ప్రింగు కోసి పెడతా. వారం కళిచ్చి రాండి" అన్నాడు, వారం గడిచాక రమ్మని.

వారం కాకముందే ఫోన్ చేశాడు. "ఫణిధర్ సారూ, తప్పు జరిగిపోయింది. వచ్చి చూడండి."

చూస్తే నా ప్రాణం పోయినంత పనైంది. టెయిల్‌పీస్ అర వేలు పక్కకు కూర్చుంది. తీగలు తాము ఆనుకునే బ్రిడ్జిని ఓ పక్కకు లాగేశాయి, సన్న తీగల జత మెడ అంచు మీంచి జారిపోతోంది. మగ్గం ఫ్రేముకైతే రెండు అంచులూ కొలిచి నడిమి తీస్తారు. దానికి రెండు పక్కలూ సమానం. ఆ అలవాటు చొప్పునే నా గిటారుకూ కొలిచాడు మహానుభావుడు! గిటారుకు ఒక పక్క బొజ్జ ఎక్కువని కంటికి కనపడటం లేదూ? బిగించడానికి కొట్టిన బెజ్జాలు నాలుగు, నాలుగూ తప్పు.

"అంచు చూసి కొలిచినా సారు. మెడ కాడ నుంచి దారం లాగి చూడాల్సింది. నా తప్పే."

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఏంటండీ ఇది? గిటారనుకున్నారా, మగ్గమనుకున్నారా? మీకు పని రాదని వైట్ టౌన్‌లో ఒక్కొక్కడికీ చెప్తాను. ఇంకెవడూ మీ గుమ్మం తొక్కడు" అని అరిచాను. ఆయనకు పని వచ్చేదే అక్కణ్ణుంచి, ఒకరి మాట మీద ఒకరు. నేను చెప్పినా చెప్పేవాణ్ణే. ఆయన తల వంచుకుని అంతా విని, "మూడు దినాలు ఇయ్యండి సారు" అన్నాడు. ఏం చేస్తాను, వదిలేసి వచ్చాను.

మూడో రోజు వెళితే ఆయన భార్య ఆండాళమ్మ కాఫీ తెచ్చింది. "సరింగా అన్నం తిని మూడు దినాలాయె నాయనా. ఏందని అడిగితే పలకడు" అంది. నాకు సిగ్గేసింది. అయినా గిటారు చూసేదాకా తగ్గదలుచుకోలేదు.

టెయిల్‌పీస్ చెయ్యి నొక్కాను. పన్నెండు తీగలూ కలిసి కిందికి జారి వణికాయి. వదిలాను. స్వరం కొలిచే ట్యూనర్ పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. అబ్బ! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పాత బెజ్జాల్లో చెక్క మేకులు దిగగొట్టి నున్నగా చేశాడు. మూడు టెయిల్‌పీస్ రేకు కింద దాక్కున్నాయి, ఒకటి మాత్రం అంచున కనపడుతోంది. దాని పక్కనే చెక్కలోకి దిగేలా కొట్టిన చిన్న అంకెలు: 412.

"ఇదేంటండీ?"

"మిల్లులో నా టోకెన్ నెంబరు సారు. తప్పు బెజ్జం కొడితే దాన్ని మూసి పక్కన నెంబరు కొట్టాల. అక్కడ అదే పద్ధతి. యాడ తప్పు పోయిందో, ఎవడు చేసినాడో మళ్ళ వచ్చే షిఫ్టు వానికి తెలియాల కదా."

"మిల్లు మూసేసి ఎన్నేళ్లయింది! కాస్త రంగు పూస్తే ఎవరికీ కనపడేది కాదు కదా?"

ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"అందరికీ చెప్తానన్నారు కదా సారు. చెప్పండి. ఈ నెంబరు చూపించి చెప్పండి. నేను చేసింది ఇంకొకరి మీదికి పోకూడదు."

ఇప్పుడు ఎవరైనా ఆ అంకెలేంటని అడిగితే, చూపించే చెబుతున్నాను. విన్నవాళ్ళలో నలుగురు తమ గిటార్లు తీసుకుని మురుంగపాక్కం వెళ్ళారు.