కంప్యూటర్‌కు హారతి

ఎనభైల చివర్లో కొత్తల్లుడిగా గురజాల వెళ్ళాను. నాకోసం అత్తగారు పెరట్లో పుంజును కట్టేసి ఉంచారు. కోసేలోపు నా గొప్ప చూపించాలని, వెంట తెచ్చిన కంప్యూటర్‌ను వాళ్ళ కలర్ టీవీకి తగిలించాను. హైదరాబాదు మిత్రుడు ఫోను లైను మీద తన కంప్యూటర్లోకి దించుకుని, టేపు క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చిన బొమ్మ పెట్టాను. అదేమిటో నేనూ చూడలేదు. చూడటానికి ఊరంతా విరగబడింది. సరే, ఊరంతా కాదులెండి, అత్తగారూ, మా ఆవిడా, పక్కింటి పిన్నీ వచ్చారు.

బొమ్మ పైనుంచి గీత గీతగా దిగుతోంది. ముందు ఎర్రటి మొనలు కనిపించాయి.

“కిరీటమే! సామి వస్తన్నాడు!” అంటూ అత్తగారు కర్పూరం వెలిగించి హారతిచ్చి, లెంపలేసుకున్నారు.

తర్వాత వంకర ముక్కు దిగింది. కోడిపుంజు!

“ఏంది వదినా, పుంజుకా దణ్ణం పెట్టావు?” అని పిన్ని పకపకా నవ్వింది. అత్తగారు పెరట్లోకి వెళ్ళి పుంజు కట్టు విప్పేశారు.

“హారతిచ్చిన చేత్తో ఎట్టా కొయ్యమంటావయ్యా?”

ఆ పూట గోంగూర పచ్చడితో తిన్నాను. బొమ్మను భోజనాలయ్యాక చూపించాల్సిందని ఇప్పటికీ బాధే.