పాప మందు చల్లగా ఉండాలి

కోడూరు దాటి పాలకాయతిప్ప వైపు వెళ్తుంటే రోడ్డుకి ఎడమ చేతి వైపు వస్తుంది మా ఊరు. నేను బందరులో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక అక్కడికి కాపురానికి వెళ్లాను. మా ఆయనకి ఒక బోటులో వాటా ఉండేది. బోటు తెచ్చిన చేపల్ని మా అత్తయ్య పెట్టెలో ఐసు మధ్య సర్దుకుని, ఆటోలో అవనిగడ్డ మార్కెట్టుకి తీసుకెళ్లి అమ్మేది. నేను ఊళ్లో అంగన్‌వాడీ చూసుకునేదాన్ని. మాకు ఒక్కతే కూతురు.

మా పెంకుటింటి మీద చిన్న సోలార్ పలక ఒకటి ఉండేది. ఏదో పథకం కింద వచ్చింది. పలకకి ఒక బ్యాటరీ, బ్యాటరీకి రెండు లైట్లు. ఒకటి వంటింట్లో, ఒకటి వసారాలో. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, పొద్దుగూకే వేళకి వీధిలో సగం మంది వలలు తెచ్చుకుని మా వసారాలో కూర్చుని బాగుచేసుకునేవారు. మా ఆయన ఆదివారం ఆదివారం నిచ్చెన వేసుకుని ఎక్కి ఆ పలక మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచేవారు. అప్పటికి అది మాకు చాలా పెద్ద సదుపాయం.

పాప ఐదో తరగతిలో ఉండగా చిక్కిపోవడం మొదలుపెట్టింది. చెంబులకి చెంబులు నీళ్లు తాగేది. బడిలో మాటిమాటికీ బయటికి వెళ్తోందని మేష్టారు చెప్పి పంపారు. ఎదిగే పిల్లలు అలాగే సన్నబడతారని అత్తయ్య అంది. నేనూ అదే అనుకున్నాను. ఒకరోజు అన్నం దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. అవనిగడ్డ తీసుకెళ్తే డాక్టరు గారు పరీక్ష చేసి, ఇంకేమీ మాట్లాడకుండా బందరు తీసుకెళ్లమన్నారు.

చిన్నపిల్లలకి షుగర్ వస్తుందని మాకు బందరులోనే తెలిసింది. మాత్రలు పనిచెయ్యవనీ, రోజూ ఇన్సులిన్ సూది వెయ్యాలనీ, అది జీవితాంతం అనీ అక్కడి డాక్టరు నిదానంగా చెప్పారు. నాకు అప్పుడు సగమే బుర్రకెక్కింది. చివర్లో అడిగారు.

"ఇంట్లో ఫ్రిజ్ ఉందామ్మా?"

"లేదండీ. కొంటాం" అన్నారు మా ఆయన.

"మందు చల్లగా ఉండాలి. వేడికి పాడైపోతుంది. పాడైందో లేదో చూస్తే తెలియదు, అదీ దీంతో చిక్కు."

ఆ వారంలోనే చిన్న ఫ్రిజ్ కొన్నాం. ఊళ్లో అదే మొదటిదేమో, చూడటానికి జనం వచ్చారు. తెరిస్తే లోపల మందుసీసాలు, ఒక గ్లాసు పెరుగు. వేసవి వచ్చేసరికి దాని సంగతి అర్థమైంది. పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నం దాటాక వచ్చేది. వచ్చినా వోల్టేజి ఉండేది కాదు. ఫ్రిజ్ ఒకసారి మూలిగి, గట్టిగా కొట్టుకుని ఆగిపోయేది. నేను తలుపు తెరవకుండా దాని మీద చెయ్యి వేసి కూర్చునేదాన్ని, లోపల ఎంత వేడెక్కిందో చేతికి తెలుస్తుందేమోనని.

కరెంటు లేనప్పుడు కుండలో పెట్టమని ఆసుపత్రిలో చెప్పారు. కుండ చుట్టూ తడి ఇసుక పోసి పెట్టాను. సముద్రం గాలికి మా ఊళ్లో ఉతికిన బట్టే సరిగ్గా ఆరదు, ఇంక కుండేం చల్లబడుతుంది? మే నెలలో మా కుండ నీళ్లు గోరువెచ్చగా ఉండేవి.

అప్పుడు అత్తయ్య అంది, "నా పెట్టెలో పెట్టండి. మిట్టమధ్యాహ్నం తెరిచినా నా చేప రాయిలా ఉంటది. ఈ చిన్న సీసా ఎంత?"

అందరికీ మంచి ఆలోచన అనిపించింది. పాత పెట్టె ఒకటి కడిగి, ఐసు దంచి పోసి, చల్లదనం ఇంకా పెరగాలని చేపలకి చల్లినట్టే ఉప్పు చల్లి, సీసాల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆవిడే లోపల పెట్టింది. సూది వేళకి సీసా తీసి, తెల్లగా పట్టిన మంచు కరిగేదాకా అరచేతుల మధ్య పెట్టుకుని నాకు ఇచ్చేది. మందు ఎప్పటిలాగే కనిపించేది. ఎప్పటిలాగే వేసేదాన్ని.

కొద్దిరోజులకే పాపకి మళ్లీ దాహం మొదలైంది. వాంతులయ్యాయి. ఊపిరి లోతుగా, బరువుగా తీయడం మొదలుపెట్టింది. ఆటోలో అవనిగడ్డ, అక్కడినుంచి కారు మాట్లాడుకుని బందరు. దారంతా పాప తల నా ఒడిలో, కాళ్లు వాళ్ల నానమ్మ ఒడిలో. నేను ఇంకో సూది వెయ్యాలా వద్దా అని అడిగాను. ఎవరిని అడిగానో నాకే తెలియదు.

పిల్ల బతికింది. కళ్లు తెరిచి మాట్లాడాక డాక్టరు మమ్మల్ని పిలిచి, మందు ఎలా దాచారని అడిగారు. చెప్పాం. ఇన్సులిన్ గడ్డకడితే ఇక అది మందు కాదనీ, నీళ్లు ఎక్కించినట్టే అనీ అన్నారు. అత్తయ్య కొంగు భుజం మీదికి లాక్కుని ముందుకి వచ్చింది.

"ఐసులో పెడితే చేప పాడవదు కదండీ డాక్టరు గారూ. మందెందుకు పాడైపోయింది?"

ఆయన విసుక్కోలేదు. "చేపని చచ్చిపోయాక పెడతారమ్మా. ఇది ప్రాణం ఉన్న మందు అనుకోండి. ఎండకీ తట్టుకోలేదు, గడ్డకట్టినా తట్టుకోలేదు."

ఆ రోజు నుంచి అత్తయ్య పాప మందు ముట్టుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకునేది. నేను ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉండగా మా ఆయన అన్నారు, "మన పలక రెండు లైట్లు వెలిగిస్తోంది కదా. అలాంటివి పెద్దవి వేయిస్తే ఫ్రిజ్ నడవదా?"

అలా మొదలైంది. గుడివాడలో సోలార్ సామాను అమ్మే షాపు ఉందని ఎవరో చెప్పారు. పాపని బందరులో మా చెల్లెలి ఇంట్లో వదిలి ఇద్దరం బస్సెక్కాం. షాపతను మా ఆయన కంటే చిన్నవాడు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, ఏం నడపాలని అడిగాడు.

"ఫ్రిజ్ అండీ" అన్నారు మా ఆయన.

"ఇంకా?"

"ఇంకేం వద్దు. ఫ్రిజ్‌లో కూడా ఒక అర చల్లగా ఉంటే చాలు."

"ఒక అర కోసమైనా ఫ్రిజ్ మొత్తం నడవాల్సిందే కదండీ" అన్నాడతను, చాలా మర్యాదగా. కాగితం తీసుకుని బొమ్మ గీస్తూ చెప్పాడు. ఇంటి మీద ఉన్న పలక ఎందుకూ పనికిరాదు. దానికి జోడించడం కుదరదు, అన్నీ కొత్తవే కావాలి. ఫ్రిజ్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి పెద్ద ఇన్వర్టర్ ఉండాలి. రాత్రికి పెద్ద బ్యాటరీలు ఉండాలి, అవి కొన్నేళ్లకోసారి మార్చాలి. పెంకుల మీద అంత బరువు ఆగదు, పెరట్లో స్తంభాలు పాతాలి. దక్షిణాన చెట్లుంటే కొట్టేయాలి. ఉప్పుగాలికి చట్రాలు ఎన్నాళ్లు ఆగుతాయో తను చెప్పలేడు. మొత్తం ఖర్చు చెప్పాక మా ఆయన నా వైపు చూశారు. బోటు వాటా అమ్మితే తప్ప కుదిరే మాట కాదు.

నేను ఒక్కటే అడిగాను. "వానాకాలం ముసురు పడితే మాకు రోజుల తరబడి సూర్యుడు కనిపించడండీ. అప్పుడు?"

అతను పెన్ను పక్కన పెట్టాడు. "ఒక రోజు, రెండు రోజులు బ్యాటరీ లాగుతుందండీ. ఆ తర్వాత చెయ్యగలిగేది లేదు. మీ అవసరం ఏంటో తెలిశాక నేను అబద్ధం చెప్పలేను."

అతను అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని బస్సులో అనిపించింది. కొనేసి ఉండేవాళ్లం.

పాపని తీసుకుని ఇంటికొచ్చాక రోజూ అదే మాట. వాటా అమ్మేస్తే వేరేవాళ్ల బోటులో కూలికి వెళ్తానని మా ఆయన అనేవారు. అలా అయితే ఆ మందు కొనేదెట్లా అని నేను అనేదాన్ని. మళ్లీ నేనే, ఎంతైతే అంతయింది, వేయిద్దాం అనేదాన్ని. అప్పుడు ఆయన ముసురు సంగతి గుర్తుచేసేవారు. ఒకరు అవునంటే ఇంకొకరికి కాదనే కారణం కనిపించేది. ఎవరి వైపు ఎవరున్నామో మాకే తెలిసేది కాదు.

"నువ్వు చెప్పు, అలాగే చేద్దాం" అనేవారు.

"నేనెలా చెప్పనండీ? రేపు ఏదైనా అయితే?"

"నేను చెబితే మాత్రం ఏదైనా అవదా?"

ఈ మధ్యలో లైన్‌మన్ వచ్చాడు. మా ఆయన్ని బావా అని పిలిచే మనిషి. "ఎందుకు బావా అంత ఖర్చు? కొత్త సబ్‌స్టేషన్ వస్తోంది. లైను మారిందంటే మీ ఫ్రిజ్ ఆగమన్నా ఆగదు."

"ఎప్పుడొస్తుంది?"

"శాంక్షన్ అయింది. వస్తుంది."

ఆ 'వస్తుంది' పట్టుకుని ఇంకొన్ని వారాలు గడిపాం. పాప మందు అవనిగడ్డ మందుల షాపులో దాచుకుని, కొంచెం కొంచెంగా బస్సులో థర్మాస్‌లో తెచ్చుకునేవాళ్లం. ఆ షాపులో కూడా కరెంటు పోతుంది కదా అని ఆలోచన వచ్చేది, దాన్ని పైకి అనేదాన్ని కాదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున గొడ్డలి చప్పుడికి పెరట్లోకి వెళ్తే, మా ఆయన దక్షిణం వైపు కొబ్బరిచెట్లు రెండూ కొట్టిస్తున్నారు. మా మామగారు నాటిన చెట్లు అవి. నాతో అనలేదు, వాళ్లమ్మతోనూ అనలేదు. అడిగితే, "ఏదో ఒకటి మొదలుపెడితే మిగతాది అదే నడుస్తుంది" అన్నారు. అత్తయ్య చెట్లకేసి చూసి, వాటి తలల్లోని తియ్యటి మొవ్వు ముక్కలు కోసి వీధిలో పిల్లలందరికీ పంచింది. పాపకి ఎంత పెట్టాలో నన్ను అడిగి పెట్టింది. వాటాకి బేరం కూడా కుదిరింది. గుడివాడ కబురు పంపడమే మిగిలింది.

అప్పుడు వాయుగుండం పట్టింది. బోట్లన్నీ ఒడ్డుకి లాగేశారు. మొదటి రోజే స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది, రోడ్డు మీదికి నీళ్లొచ్చి బస్సులు ఆగాయి. ఆకాశం ఒకటే మసి. మూడో రోజుకి బ్యాటరీ అయిపోయి మా రెండు లైట్లూ ఆరిపోయాయి. ఇంట్లో ఉన్న మందు కుండలో పెట్టాను. ఆ చలికి అది పాడై ఉండదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు. సూది వేసేముందు సీసాని గుమ్మం దగ్గర వెలుతురుకి పట్టి చూసేదాన్ని. మంచి మందూ అలాగే ఉంటుంది, చచ్చిన మందూ అలాగే ఉంటుంది. వేసి, పాప ఎన్నిసార్లు నీళ్లు అడుగుతుందోనని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. దాహం వేసినా నేను భయపడతానని పిల్ల అడగడం మానేసిందని తర్వాత తెలిసింది.

మా ఆయన చెట్లు కొట్టేసిన ఖాళీ వైపు చూస్తూ అన్నారు, "ఇప్పుడు పలకలు ఉన్నా ఇంతే కదా."

మంచం మీద ముసుగు కప్పుకున్న పాప లేచి కూర్చుంది.

"అమ్మా, నేను పిన్ని దగ్గర ఉంటాను."

"వాన తగ్గాక వెళ్లి నాలుగు రోజులు ఉందువుగాని."

"నాలుగు రోజులు కాదు. అక్కడే చదువుకుంటా. అక్కడ ఫ్రిజ్ నడుస్తుంది, ఆసుపత్రి దగ్గర. నాన్న బోటు అమ్మక్కర్లేదు."

వాళ్ల నాన్న అటు తిరిగి కూర్చున్నారు. అత్తయ్య మాత్రం, "అంత పిల్లకి వదిలేశారేంట్రా ఇది" అంది. ఆ మాట ఎవరినీ తిట్టినట్టు లేదు. మేం ఇద్దరం నెలల తరబడి తేల్చలేనిది ఆ పిల్ల ఒక్క మాటతో తేల్చింది.

నీళ్లు తీశాక బందరులో దింపి వచ్చాం. వాటా బేరం మా ఆయన వెనక్కి తీసుకున్నారు. గుడివాడ షాపతనికి ఇప్పుడు వద్దని మా ఆయనే ఫోన్ చేశారు. పాప ఎలా ఉందని అతను అడిగాడట. ఆ తర్వాతి ఏడాదికి కొత్త లైను వచ్చింది, వోల్టేజి నిలబడింది. అప్పటికి పాప బందరు బడిలో కుదురుకుంది. తిరిగి వచ్చెయ్యమని గట్టిగా అనడానికి నాకు ధైర్యం చాలలేదు. లైను మళ్లీ ఎప్పుడు తెగుతుందో ఎవరు చెప్పగలరు?

రోజూ సాయంత్రం అన్నాలకి ముందు, ఊళ్లో ఫోనున్న కొట్టు దగ్గరికి వెళ్లి మా చెల్లెలి ఇంటికి చేసేదాన్ని. పాపే తీసేది.

"సూది వేసుకున్నావా?"

"వేసుకున్నానమ్మా."

"పిన్ని వేసిందా?"

"నేనే వేసుకున్నా. రేపు లెక్కల పరీక్ష ఉంది, చదువుకోవాలి."

ఇంకా ఏదో అడగాలనిపించేది. నా వెనక ఫోన్ కోసం ఇంకొకరు నిలబడి ఉండేవారు. సరే అని పెట్టేసేదాన్ని.