చిలకపచ్చ ఊలు, ఎర్రటి మోచేయి

దేవమ్మ నోటికి నంద్యాల ఆడపిల్లల బోర్డింగులో వార్డెనమ్మ కూడా జంకేది. రెండో తరగతితో బడి మానేసి, ఆ బోర్డింగులోనే ఆయాగా చేరిన మనిషి. అయినా "ఆయా" అని పిలిస్తే పలికేది కాదు. "మా నాయన నాకు పేరు పెట్టినాడు. దానికి తుప్పు పట్టిందా?" అనేది.

చేతిలో ఊలు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. అల్లే సూదులు అంగట్లో కొన్నవి కావు. సైకిలు చక్రం పుల్లలు రెండు తెచ్చి బండ మీద మొనలు నూరుకుంది. చిన్నతనంలో ఒక దొరసాని ఆమెకు అల్లిక నేర్పింది. దొరసాని ఓడెక్కి వెళ్ళిపోయింది, అల్లిక దేవమ్మ వేళ్ళలో నిలిచిపోయింది. నంద్యాల ఎండలకు స్వెటర్లెందుకని నవ్వేవాళ్ళుంటారు. నవ్వనీ. డిసెంబరు పొద్దుల్లో కుందూ ఏటి మీది గాలి తగిలితే వాళ్ళే వచ్చి కొలతలిచ్చి పోయేవాళ్ళు.

ఊలు ఎవరిది వాళ్ళే తెచ్చివ్వాలి. అల్లగా మిగిలింది కూడా వాళ్ళదే. "నువ్వే ఉంచుకో" అని నోటితో అంటే తప్ప దేవమ్మ దాన్ని ముట్టదు. మరిచిపోయి వెళ్ళినవాళ్ళ ఊలును రేకు పెట్టెలో దాచేది. రేపు స్వెటరు చిరిగితే అదే రంగుతో అతకాలి కదా! పేర్లు రాసిపెట్టేంత చదువు లేదు. అందుకని ఒక్కొక్కరి ఊలును ఒక్కొక్క వస్తువు మీద ఉండ చుట్టేది. నర్సు ఏసమ్మ ఎర్ర ఊలు లోపల ఇంజెక్షను సీసా రబ్బరు మూత. రాజరత్నం అయ్యవారి నీలం ఊలు లోపల సుద్దముక్క. కోమలవల్లి టీచరు చిలకపచ్చ ఊలు లోపల గవ్వ. ఉండను నొక్కి చూస్తే చాలు, ఎవరిదో వేళ్ళే చెప్పేవి. ఇన్నేళ్ళలో ఒకరి మూర ఊలు ఇంకొకరికి పోలేదు. దేవమ్మకు పొలమా, మిద్దా? ఆ నమ్మకమే ఆమె ఆస్తి.

డెబ్బై ఎనిమిదిలో, వానల కాలంలో, ఆళ్లగడ్డలో కాపురమున్న కూతురు ప్రసన్నకుమారి కాన్పుకు వచ్చింది. ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పుట్టింది ఆడపిల్ల, మూరెడు కూడా లేదు. మూడు రోజులుగా తెరిపి లేని వాన. పాప పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

ఏసమ్మ వచ్చి పాప కాళ్ళు పట్టి చూసింది. "తల కప్పి పెట్టు దేవమ్మా. ఒంట్లో ఏడి అంతా తలలో నుంచే పోతాది."

"గుడ్డ కడతానే ఉండాము. జారిపోతాంది."

"ఊలు టోపీ అల్లు. ఊరందరికీ అల్లినావు, నీ మనవరాలికి చేతులు రాలేదా?"

చేతులకేం, ఊలేదీ? దీపావళి దాటితే గానీ అంగళ్ళకు ఊలు రాదు. ఉన్నదంతా పెట్టెలో ఉంది, అదంతా ఊరివాళ్ళది. ఎవరినీ ఏనాడూ ఏదీ అడిగి ఎరగని మనిషి కొంగు తల మీద వేసుకుని వానలో బయలుదేరింది. అడగడం కూడా ఆమెకు అడిగినట్టు రాదు, దబాయించినట్టే వస్తుంది.

"అయ్యవారూ, మీ నీలం ఊలు నా కాడ పడుండాది. కావల్లంటే తీసుకోండి, లేదంటే నా మనవరాలికి పెడతా."

"రెండేండ్ల నుంచి దాచినావా తల్లీ! నేనెప్పుడో మరిచిపోయినా. పెట్టుకో పో" అన్నాడు రాజరత్నం.

ఏసమ్మ తన ఎర్రది ఇచ్చింది. వార్డెనమ్మ తెల్లది ఇచ్చింది. ఎరుపు, తెలుపు, నీలం, మళ్ళీ ఎరుపు, వరస మీద వరస పైకి లేచింది. సరిగ్గా మాడు దగ్గరకు వచ్చేసరికి నీలమూ తెలుపూ అయిపోయాయి. ఎరుపు చూస్తే మూరెడు లేదు. పెట్టెలో ఇక మిగిలింది చిలకపచ్చ ఉండ ఒక్కటే. కోమలవల్లి టీచరేమో బదిలీ మీద ఆళ్లగడ్డలో ఉంది. అడిగి వచ్చేదాకా పాప ఆగుతుందా?

రెండే వరసలు, అనుకుంది దేవమ్మ. రెండు మూడయ్యాయి. మూడు అయిదయ్యాయి. నడినెత్తిన ముడి వేసి చూసుకునేసరికి ఉండలోంచి గవ్వ టక్కున నేల మీద పడింది.

"ఏందిమా అది?" అంది ప్రసన్నకుమారి.

"గవ్వ."

"గవ్వ పడితే మొగం అట్ల పెట్టుకుండావేం?"

"గమ్మున పాపకు పాలియ్యి."

పాప బతికింది. రూతు అని పేరు పెట్టారు. ఆదివారం చర్చి గుడిలో అందరూ టోపీని పట్టి పట్టి చూశారు. "ఈ ఎరుపు నాది", "ఈ నీలం మాది" అని మురిసిపోయారు. ఎవరైనా "పచ్చ ఎవరిది?" అంటే మాత్రం దేవమ్మకు వెంటనే ఏదో పని గుర్తొచ్చేది.

దీపావళి దాటింది. అంగళ్ళకు ఊలొచ్చింది. పచ్చపోగు ఒకటి పట్టుకుని దేవమ్మ మూడు అంగళ్ళు తిరిగింది.

"ఇది పచ్చ గాదా అమ్మా?" అన్నాడు అంగడాయన.

"ఇది యాపాకు పచ్చ. నాకు కావల్సింది చిలకపచ్చ. కండ్లు యాడ పెట్టినావప్పా?"

ఆ పచ్చ ఎక్కడా దొరకలేదు.

మూడో నెల నిండాక కూతుర్నీ పాపనూ దింపి రావడానికి ఆళ్లగడ్డ బస్సెక్కింది. బస్సు దిగి, కూతురింటికి పోకముందే కోమలవల్లి ఇంటికి దారి తీసింది. పక్క వీధిలో రాళ్ళు చెక్కే ఉలుల చప్పుడు. కోమలవల్లి అరుగు మీద కూర్చుని దగ్గుతూ ఉంది. అహోబిలం వాళ్ళమ్మాయి, లెక్కల టీచరు, చలిగాలి తగిలితే ఉబ్బసం. ఒడిలో చిలకపచ్చ స్వెటరు, దాని మోచేతి దగ్గర గుప్పెడు బొక్క.

"దేవమ్మా! నూరేండ్లు నీకు. బస్సు కిటికీ మేకు తగులుకుని ఎట్ల చినిగిందో చూడు. ఈ ఆదివారం నంద్యాలకొచ్చి నా ఊలు తీసుకుందామనుకుంటాండా. లోపలికి రా."

"ముందు చెప్పాల్సింది ఒకటుండాది. ఈడనే నిలబడతా."

దేవమ్మ గవ్వ తీసి అరుగు మీద పెట్టింది.

"ఇదేందీ?"

"మీ ఊలు."

"ఊలేదీ?"

"అడక్కుండా తీసుకున్నా టీచరమ్మా."

యాభై ఏళ్ళ బతుకులో ఆ నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదలు. కూతురి చేతిలోని పాపను తీసుకుని, టోపీ ఊడదీసి, నడినెత్తి ముడిలోకి సూది మొన దూర్చింది.

"ఏం చేస్తాండావ్?"

"ఇప్పుతాండా. మీ మోచెయ్యి కుట్టిచ్చే పోతా."

కోమలవల్లి ఒక్కసారి పాప తలవైపు చూసింది. ఆముదం రాసిన మాడు టక్‌టక్‌మని కొట్టుకుంటోంది. చటుక్కున టోపీ లాక్కుంది.

"నీకు బుద్ధుందా దేవమ్మా! పసిబిడ్డ మాడు మీది ఊలు పీకి నా మోచేతికి పెడతావా? ఆ పాపం నాకెందుకు తగిలిస్తాండావ్?"

"ఊరికే ఇచ్చేది నాకొద్దు."

"ఊరికే ఎవరిస్తాండారు? మోచెయ్యి కుట్టు. నీ సంచిలో ఏ రంగుంటే ఆ రంగు."

సంచిలో ఉన్నది ఎరుపు. వచ్చేటప్పుడు పాప మేజోళ్ళకని ఏసమ్మ నోటితో ఇచ్చిన ఎరుపు.

"పచ్చకు ఎర్రదా? ఇస్కూల్లో పిల్లోల్లు నగుతారు."

"నగితే లెక్కలిస్తా. నువ్వు బేగా కానీ, నాకు చలిగా ఉంది."

దేవమ్మ అరుగెక్కి కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు బొక్క పూడింది. కోమలవల్లి స్వెటరు తొడుక్కుని మోచేయి మడిచి చూసుకుంది.

"బొట్టు పెట్టినట్టుందే!" అంది.

మిగిలిన ఎర్ర ఊలును దేవమ్మ సంచిలో పడేయలేదు. అరుగు మీది గవ్వ తీసి, దాని మీద ఉండ చుట్టింది. మోచేయి మళ్ళీ చినిగితే కావాలి కదా. ఇకమీదట ఆ ఎరుపు టీచరుదే. పాప మేజోళ్ళు ఆ ఏటికి లేనట్టే.

ఆళ్లగడ్డ పిల్లలు కోమలవల్లిని పదేళ్ళు ఎర్రమోచేయి టీచరన్నారు. ఎనభై తొమ్మిదిలో రూతు ఆరో తరగతికి ఆమె దగ్గరకే వచ్చింది. లెక్క తప్పినప్పుడల్లా కోమలవల్లి ఆ పిల్ల నడినెత్తిన వేలితో కొట్టేది. "నా ఊలు పెట్టి కాపాడిన మాడమ్మీ ఇది! లోపల ఇంతేనా ఉండేది?"

ఆ ఏడు క్రిస్మసు సెలవులకు రూతు నంద్యాల వచ్చింది. అవ్వకప్పటికి చూపు మందగించింది.

"అవ్వా, టీచర్ మోచెయ్యి మళ్ళా చినిగింది. ఆయమ్మ ఎర్ర ఊలు నీ కాడ ఉండాదేమో అడగమనింది."

దేవమ్మ రేకు పెట్టె తెరిచి, చెయ్యి పెట్టి తడిమింది. ఒక ఉండను పట్టి నొక్కింది. లోపల గవ్వ తగిలింది.

"ఉండాదని చెప్పు" అంది. "అడక్కుండా ఎవురూ ముట్టలేదని గూడా చెప్పు."