చీటీలో చివరి పని

రోజూ పొద్దున్నే ఆ రోజు పనులన్నీ చీటీ మీద రాసి, ఆ చీటీకే జీతం లేని కొలువు చేయడం నాకు అలవాటు. సాయంత్రానికి అన్నీ కొట్టేస్తాను. పలాస వెళ్లి కిడ్నీల రక్తపరీక్ష చేయించుకోవడం మాత్రం నెల రోజులుగా మర్నాటి చీటీలోకి పోతూనే ఉంది. ఇంటింటా కిడ్నీ జబ్బులుండే మా ఉద్దానంలో ఆ పరీక్షంటే అందరికీ హడలే.

“ఏటే, ఇయ్యాల కూడా ఎల్లవా?” అన్నాడు మా ఆయన.

“జీడిపిక్కలు నువ్వు ఎండబెడతావేటి?”

వెంటనే బస్తా తెచ్చి వాకిట్లో గుమ్మరించాడు. ఇక నాకు సాకు మిగల్లేదు. అరుగు మీద కూలబడి, “సెప్పడం తేలికే. మరి నువ్వు సేయించుకున్నావా?” అన్నాను.

పిక్కలు పరుస్తున్న చెయ్యి ఆగింది. “లేదే. నాకూ బయమే.”

“అయితే లెగు, నువ్వూ సేయించుకుందువు గానీ,” అన్నాను. ఇద్దరం ఆటో ఎక్కాం.