నా భార్య చుట్టిన మోటారు

మార్కాపురంలో మేము పనిచేసే పలకల ఫ్యాక్టరీ మూతపడిన రోజు యజమాని మమ్మల్నందరినీ షెడ్డు ముందు నిలబెట్టి మాట్లాడాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయనే కళ్ళు తుడుచుకున్నాడు. రాతి పలకలకు ఆర్డర్లు తగ్గిపోయి చాలా కాలమైంది, ఇక నడపడం ఆయన వల్ల కాలేదు. నేను అక్కడ రాయి కోసేవాణ్ని. నా భార్య పలకలకు చెక్క ఫ్రేములు బిగించేది. పెళ్లయిన కొత్తలో ఇద్దరం ఒకే షెడ్డులో చేరాం. అందుకే ఇద్దరి పనీ ఒక్కసారే పోయింది.

మా వీధిలో ఒక్కొక్క ఇంటికీ తాళాలు పడసాగాయి. కొందరు హైదరాబాదు, ఇంకొందరు బెంగుళూరు వెళ్లి బిల్డింగు పనుల్లో చేరారు. మనమూ పోదామా అని నేనంటే ఆమె ఒప్పుకోలేదు.

"పిల్లోళ్ల చదువు మధ్యలో తెంపి యాడికి పోతాం? ఇక్కడనే ఏదో ఒకటి చూద్దాంలే" అంది.

నేను టైల్స్ పరిచే మేస్త్రీ దగ్గర కూలికి కుదిరాను. ఆ పని ఒక వారం ఉంటే రెండో వారం ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మా చర్చి పాస్టరు గారు, అందరం అయ్యగారు అని పిలుస్తాం, వాక్యం చెప్పడం ముగించి, ప్రసంగ వేదిక దిగి మా మధ్యకు వచ్చారు. చర్చిలో సగం మంది పలకల పని చేసి బతికినవాళ్లే.

"మీ పనులు పోయినాయి, నిజమే. పని చేసిన చేతులు యాడికీ పోలేదు గదా" అన్నారు. "ప్రభువు కూడా వడ్రంగం చేసి బతికినోడే. ఆయన సన్నిధిలో పని అడగడానికి మనకు సిగ్గెందుకు? ఈ పొద్దు ప్రార్థన అయినాక ఎవురూ ఇంటికి పోవద్దు. పని కావాల్సినోళ్లు ఈ పక్క కూర్చోండి. పని నేర్పగలిగినోళ్లు ఆ పక్క కూర్చోండి."

నేర్పేవాళ్ల వైపు కూర్చున్నవాళ్లలో మా చర్చి సంఘపెద్ద ఒకాయన ఉన్నాడు. తర్లుపాడు రోడ్డులో ఆయనకు బోరు మోటార్లకు వైండింగు చేసే దుకాణం ఉంది. కాలిపోయిన మోటారు విప్పి, లోపలి పాత తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టడం ఆయన పని. "నాకు కండ్లు సరిగ్గా ఆనడం లేదు. ఓపికున్నోళ్లు ఎవురన్నా వస్తే ఉన్నదంతా నేర్పిస్తా" అన్నాడు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా పక్కనుంచి నా భార్య లేచి నిలబడింది.

"నేను నేర్చుకుంటా పెద్దయ్యా."

చర్చిలో ఎవరో నవ్వారు. సంఘపెద్ద మాత్రం నవ్వలేదు. "రేపు పొద్దున్నే రా తల్లీ" అన్నాడు.

మోటారు లోపల సన్నటి గాడులుంటాయి. వాటిలోంచి తీగను చేత్తోనే లాగాలి. తీగ మీది పొర ఎక్కడ గీసుకుపోయినా నీళ్లలో దిగగానే మోటారు కాలిపోతుంది. ఆమె మొదట చుట్టిన మోటారుకు జరిగింది అదే. పరీక్ష కోసం నీళ్ల తొట్టిలో దించి కరెంటు ఇవ్వగానే గుర్రుమని ఆగిపోయిందట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెంగుతో మొహం కప్పుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని టీ గ్లాసు చేతికిచ్చాను.

సంగతి తెలిసి అయ్యగారు వచ్చారు. మోటారు ఎందుకు కాలిందని అడగలేదు. "పలకకు ఫ్రేము బిగించడం మొదటి దినమే వచ్చిందా సిస్టర్?" అన్నారు.

"యాడొచ్చింది అయ్యగారూ! ఎన్ని పగలగొట్టినానో."

"మరింకేంది! ఇదీ అంతే. రేపు ప్రార్థన చేసుకొని మళ్లీ కూర్చో."

మర్నాడు మళ్లీ కూర్చుంది. పలుచటి రాయిని పగలకుండా పట్టుకున్న వేళ్లు కదా, తీగను ఎంత గట్టిగా లాగాలో, ఎక్కడ వదలాలో మెల్లగా పట్టుబడింది. కొన్నాళ్లకు, తాను చూడకపోయినా ఫరవాలేదని సంఘపెద్దే అనసాగాడు.

అసలు పరీక్ష ఎండాకాలం ముందర వచ్చింది. సంఘపెద్ద జ్వరంతో మంచం పట్టాడు. దుకాణంలో ఆమె ఒక్కతే ఉంది. మధ్యాహ్నం అన్నం క్యారియరు ఇవ్వడానికి నేను వెళ్లేసరికి పెద్దారవీడు నుంచి ఒక రైతు కాలిన మోటారును ఆటోలో వేసుకొచ్చి నిలబడి ఉన్నాడు.

"పెద్దాయన లేడా? మిరప చేను వాడిపోతాంది" అన్నాడు.

"జ్వరంగా ఉంది మామా. నేను చుడతా."

"ఏందమ్మా, నువ్వా? బోరు చానా లోతు. మళ్లా కాలిందంటే పైపులన్నీ పైకి లాగాల. ఆ లోపల చేను చేతికి రాదు."

ఆమె లేచి నిలబడి, "నేను చుట్టినాక నీతోనే బోరు కాడికొస్తా. నీళ్లు పడిందాకా కదలను. నన్ను నమ్మి ఇచ్చి చూడు మామా" అంది.

ఆయన ఆటో వైపు తిరిగి మోటారు దించాడు. ఆమె కళ్ళు మూసుకుని, పెదవులు మాత్రం కదిలేలా ప్రార్థన చేసుకుని పనిలో కూర్చుంది.

మాట ఇచ్చినట్టే మర్నాడు మోటారుతోపాటు వెళ్లింది. నేనూ వెళ్లాను. నల్లమల కొండలు కనపడే చేను అది. మనుషులు గొలుసు పట్టుకుని పైపులు ఒక్కొక్కటీ దించుతుంటే ఆమె తీగ జాయింటు దగ్గర నుంచి చూపు తిప్పలేదు. త్రీ ఫేజు కరెంటు వచ్చాక రైతు స్టార్టరు నొక్కాడు. పైపులోంచి ముందు గాలి వచ్చింది. తర్వాత ఎర్రమట్టి నీళ్లు దగ్గుతున్నట్టు చిమ్మాయి. ఆ వెనకే తెల్లటి నీళ్లు పైపు నిండా వచ్చి కాలువలో పడ్డాయి.

రైతు దోసిలితో మొహం కడుక్కుని ఆమె దగ్గరికి వచ్చాడు. "నీ చెయ్యి చల్లగుండ తల్లీ. మా పక్క చేనోళ్లకు కూడా నీ దుకాణమే చెప్తా" అన్నాడు. ఆమె "ప్రభువుకు స్తోత్రం" అని మాత్రం అని, మొహం తిప్పుకుంది. ఏడుస్తోందని నాకు తెలుసు.

ఆ రైతు చెప్పడమే కాదు, పంపించాడు కూడా. కొనకనమిట్ల నుంచి, అర్ధవీడు నుంచి మోటార్లు రాసాగాయి. సంఘపెద్ద కొడుకులు వేరే ఊళ్లలో ఉద్యోగాల్లో ఉన్నారు. దుకాణాన్ని ఆయన ఆమెకే అప్పగించి, సాయంత్రాలు వచ్చి కుర్చీలో కూర్చుని కబుర్లు చెబుతుంటాడు.

ఒక ఆదివారం అయ్యగారు ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు, దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందూ చెప్పమని. ఎప్పుడూ మైకు పట్టుకోని మనిషి. "పని పోయినప్పుడు దేవుడు నన్ను మర్చిపోయినాడనుకున్నా. ఆయన మర్చిపోలేదు, కొత్త పని కాడికి నడిపించినాడు. నాకు వచ్చింది మీకూ వస్తాది. నేర్చుకునేదానికి ఎవురొస్తారో రాండి" అంది. ఫ్యాక్టరీలో ఆమె పక్కన కూర్చుని ఫ్రేములు బిగించిన ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఇప్పుడు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తీగ చుడుతుంటారు.

టైల్స్ పని లేని రోజు నేనూ వెళ్లి బరువైన మోటార్లు ఎత్తి దించుతుంటాను. మొన్న గిద్దలూరు నుంచి వచ్చిన ఒకాయన నన్ను చూసి, "ఓనరు నువ్వేనా అన్నా?" అని అడిగాడు.

"కాదు, లోపల ఉంది. నేను ఆమె మొగుణ్ని" అన్నాను, లోపలున్న ఆమెకు వినపడేలా.