టచప్ లేని పుస్తకం

నేను ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం పర్ణశాల దాటి అడవి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊళ్ళో, రెండు గదుల సబ్‌సెంటర్‌లో గడిచింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సూదిమందు కంటే నీ నోటికే జనం ఎక్కువ జడిసేవాళ్ళని మా ఆయన అంటాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అటువంటి నేను ఒక ఫోటోల పుస్తకం వేయించడానికి ఖమ్మానికీ భద్రాచలానికీ మధ్య నాలుగు నెలలు తిరిగాను. చివరికి ఒక ముసలి స్టూడియో ఆయన ముందు నోరు మూసుకుని నిలబడ్డాను.

సబ్‌సెంటర్‌లో నాకు పని నేర్పింది ట్రైనింగ్ స్కూలు కాదు, ఆ ఊరి మంత్రసాని. కోయ ముసలామె. ఊరంతా అవ్వ అనేవాళ్ళు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. కాన్పులన్నీ దవాఖానాలోనే జరగాలని మాకు పైనుంచి ఆర్డరు. మామూలు రోజుల్లో భద్రాచలం పంపించేవాళ్ళం. వానాకాలంలో వాగు పొంగితే మాత్రం అంబులెన్సు అవతలి గట్టునే ఆగిపోయేది. అప్పుడు ఆ తల్లికి అవ్వా నేనే దిక్కు. మొదటిసారి బిడ్డ అడ్డం తిరిగినప్పుడు నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. అవ్వ నా వంక చూడకుండానే, "ఏం కాదు బిడ్డా, నీళ్ళు వేడి చెయ్యి" అని నన్ను అవతలికి పంపించి, నెమ్మదిగా సరిచేసింది. తల్లీ పిల్లా దక్కారు. నేను నర్సునయ్యింది ఆ రోజే అనుకుంటాను.

బిడ్డ ఏడ్చి, ఒళ్ళు తుడవడం అయ్యాక అవ్వ మెత్తటి పాతగుడ్డలో చుట్టి గుమ్మం దగ్గరికి తెచ్చేది. రెండు చేతులమీదా పెట్టుకుని వెలుగుకు పట్టేది. వచ్చిన మనిషికి ముందు వెలుగును చూపాలనేది ఆమె పద్ధతి. లోపల చీకటి కాబట్టి నేనూ అక్కడే ఫోన్‌తో ఫోటో తీసేదాన్ని. "నన్నెందుకు తీస్తవ్, బిడ్డెను తియ్యి" అని ఆమె ముఖం పక్కకు తిప్పుకునేది. అట్లా ఏళ్ళ మీద నా ఫోన్‌లో ముప్పై తొమ్మిది మంది పిల్లలు పోగయ్యారు. ఫోన్ మార్చినప్పుడల్లా చీరలు సర్దుకున్నట్టు వాళ్ళనూ కొత్త ఫోన్‌లోకి సర్దుకునేదాన్ని.

నేను రిటైరై ఖమ్మంలో ఇంటిపట్టున కూర్చున్నాక ఒకరోజు అవ్వ పోయిందని కబురొచ్చింది. నాకు తెలిసేసరికే పది రోజులైంది. పరుగున వెళ్ళాను. అవ్వ కూతురు నన్ను చూసి ఏడవలేదు, చాప వేసి కూర్చోబెట్టింది. ఆమెకు నలభై దాటి ఉంటాయి. ఎండాకాలం తునికాకు కోస్తుంది, మిగతా రోజుల్లో మిరపచేలకు కూలికి పోతుంది. పుట్టినప్పటినుంచీ తల్లితోనే ఉన్న మనిషి.

"సిస్టరమ్మా, అవ్వ ఫోటో ఒక్కటన్న ఉన్నదా నీకాడ?" అని అడిగింది. "మాకాడ ఏం లేదు. ఆధార్ కార్డుల ఉన్నది మనిషో దయ్యమో తెల్వదు. పదిరోజులకే ముఖం సరిగ యాదికి వస్తలేదు. ఇంకో ఏడాదైతే మొత్తం మర్చిపోతనేమో అని భయమైతాంది."

ఫోన్ అంతా వెతికాను. ముఖం తిన్నగా కనపడే ఫోటో ఒక్కటంటే ఒక్కటుంది. అవ్వ మంచంమీద కూర్చుని ఇప్పపువ్వు ఏరుతూ, నేను పిలిస్తే తలెత్తి చూసినప్పటిది. అది ప్రింటు తీయించి ఆమె చేతిలో పెడితే సరిపోయేది. కానీ నాకు గొప్పలకు పోయే గుణం ఒకటుంది. "ఉన్నది ఒక్కటే. అయినా ఒక్క ఫోటో ఏంది బిడ్డా, మొదటి పేజీలో అవ్వను పెట్టి, తర్వాత ఊరి పిల్లలందర్నీ పెట్టి పుస్తకమే వేయించుకొస్త" అని మాట ఇచ్చేశాను. ఆమె తల ఊపింది. పుస్తకం ఆమె అడగలేదన్న సంగతి నేను అప్పుడు పట్టించుకోలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి, ఇదంతా ఫోన్‌లోనే అయిపోతుంది, ఒక యాప్ ఉంది, పుస్తకం కొరియర్‌లో ఇంటికే వస్తుంది అని చెప్పింది. కళ్ళజోడు పెట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. ఫోటో పెట్టిన ప్రతిసారీ దానిమీద ఎర్రగుర్తు వచ్చేది, ఫోటో నాణ్యత చాలదట. అందులో ఉన్న నమూనాలేమో బీచ్‌లో సెలవులు, కుక్కపిల్ల మొదటి ఏడాది, హనీమూన్. గుమ్మంలో వాన చినుకుల మధ్య తీసిన పిల్ల ఫోటోకు ఆ యాప్ బెలూన్లు కట్టింది. సందేహం వస్తే అడగడానికి అవతల మనిషి లేడు. మనిషి లేనిచోట నాకు కోపం తీర్చుకోవడానికి కూడా వీలుండదు. ఆ యాప్ తీసేశాను.

ఆ తర్వాత ఖమ్మంలో పెళ్ళి ఆల్బమ్‌లు వేసే ఒక పెద్ద ల్యాబ్‌కు పోయాను. ఏసీ, గాజు తలుపులు, వరసగా కంప్యూటర్లు. డిజైన్ చేసే ఆయన మర్యాదగా మాట్లాడాడు. ఫోటోలన్నీ వాట్సాప్‌లో పంపమంటే పంపాను. వాటి వెనకాలే నా గొంతుతో ఒక మెసేజీ కూడా పెట్టాను. అందులో ఏం చెప్పానో పంపిన మరుక్షణమే మర్చిపోయాను.

మూడు వారాలకు పుస్తకం వచ్చింది. బిడ్డనెత్తుకున్నంత బరువు. మెత్తటి అట్టమీద తెల్లచీరలో నా ఫోటో. లోపల పిల్లలందరూ తామరపువ్వుల్లో, మబ్బుల మీద, గుండె బొమ్మల మధ్య పడుకుని ఉన్నారు. మొదటి పేజీలో అవ్వ ముఖం పసుపు రాసిన పెళ్ళికూతురి ముఖంలా మెరుస్తోంది. నాకు పట్టలేని సంతోషం కలిగింది. వీధిలో నాలుగిళ్ళకు తిప్పి చూపించాను. మా ఆయన మాత్రం, "ఆమె అంత తెల్లగుంటదా?" అన్నాడు. మీకేం తెలుసని కసిరాను.

ఆ వారమే బస్సెక్కి ఊరికి పోయాను. అవ్వ కూతురు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని పుస్తకం అందుకుంది. మొదటి పేజీ తెరిచి చాలాసేపు చూసింది. మంచిగున్నదని అన్నది. నేను ఇది చూడు, అది చూడు అని పేజీలు తిప్పుతూనే ఉన్నాను. ఆమె మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది.

"గీమె ఎవరు సిస్టరమ్మా?"

నేను నవ్వాను. "మీ అవ్వే గదా బిడ్డా."

"మరి పచ్చబొట్లు ఏవి?"

అప్పుడు చూశాను. అవ్వ నుదుటి మీద మూడు చుక్కలు, గడ్డం మీద ఒకటి, బుగ్గల మీద గీతలు ఉండేవి. మణికట్టు నుంచి మోచేతుల దాకా పచ్చబొట్టే. అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. నా పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి ముఖంలో ఏం పోయిందో నాకు తెలియలేదు, వీధంతా తిప్పి చూపించుకున్నాను.

"వెండి, బట్ట అన్నీ గీడనే ఉంటయి, చచ్చినంక వెంట వచ్చే సొమ్ము గదొక్కటే అనేది అవ్వ" అన్నది కూతురు. "గవి తీసేస్తే ఎట్ల?" గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. పుస్తకం మూసి, దుమ్ము పడకుండా కొంగు కప్పి నాకు తిరిగి ఇచ్చింది.

మర్నాడు గాజు తలుపు తోసుకుని ల్యాబ్‌లోకి పోయి నా నోటికి పని చెప్పాను. డిజైన్ ఆయన అంతా విని, తన ఫోన్ తీసి నా మెసేజీ నాకే వినిపించాడు. "బాబూ, మచ్చలు గిచ్చలు ఏం లేకుండ శుభ్రంగ చెయ్యి. చుట్టూ ఉన్నదంత తీసెయ్యి, పిల్లలే కనపడాలె." నా గొంతే, అనుమానం లేదు. కొండనాలుకకు మందు వేయబోయి ఉన్న నాలుక ఊడగొట్టుకున్నాను, వేసింది కూడా నేనే.

"టచప్ తీసేసి మళ్ళ వేస్తవా?" అని తగ్గి అడిగాను.

"టచప్ లేకుండ మా ల్యాబ్‌ల బయటకు పంపరు మేడం. డల్‌గ ఉంటది, చూసినోళ్ళు మమ్మల్నే అంటరు" అన్నాడు. ఆయన్ను తప్పు పట్టలేను. ఆయన దగ్గరికి వచ్చే పెళ్ళికూతుళ్ళందరూ అదే అడుగుతారు.

కొన్నాళ్ళు ఆ మాట తలవకుండా గడిపాను. ఊరినుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి సిగ్గుగా ఉండేది. పెన్షన్ కాగితాల పనిమీద భద్రాచలం పోయినప్పుడు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు కావలసి వచ్చాయి. బస్టాండ్ నుంచి వస్తుంటే సందులో ఒక పాత స్టూడియో కనపడింది. ఒకప్పుడు పర్ణశాల రేవులో యాత్రికులకు ఫోటోలు తీసి బతికిన పెద్దాయన అది నడుపుతున్నాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోటో తీసి, కంప్యూటర్‌లో పెట్టి చూపించాడు.

"మేడం, కళ్ళ కింద నల్లగున్నది. తియ్యమంటరా, ఉంచమంటరా?"

ముప్పై ఏళ్ళు ఊళ్ళవాళ్ళను అడక్కుండానే సూది పొడిచిన దాన్ని నేను. ఒక మనిషి నా ముఖాన్ని ముట్టుకునే ముందు నన్ను అడిగాడు. అక్కడికక్కడే తేల్చుకున్నాను, పుస్తకం వేయిస్తే ఈయన చేతే వేయించాలని. సంచిలోంచి ఫోన్ తీసి కథంతా చెప్పాను.

"నాకాడ ఆల్బమ్ మిషన్ లేదు. ప్రింట్లు తీస్త, అట్ట చేతితోనే కట్టి కుడత. టైం పడతది" అని ముందే చెప్పేశాడు. వాట్సాప్‌లో పంపబోతే వద్దన్నాడు. "అండ్ల పంపితే ఫోటో చిక్కిపోతది, ప్రింటు మసకగ వస్తది. వైరు పెట్టి నేనే తీసుకుంట."

వారం తర్వాత ఫోన్ చేసి, ప్రింటు కొట్టక ముందు ఒకసారి వచ్చి చూసుకోమన్నాడు. మూడు గంటల ప్రయాణం. దారి పొడుగునా గొణుక్కుంటూనే పోయాను. ఆయన నమూనా ప్రింట్లన్నీ బల్ల మీద వరసగా పరిచి పెట్టాడు. పూలు లేవు, మబ్బులు లేవు. అవ్వ నుదుటి మీద చుక్కలు మూడూ ఉన్నాయి. ఆమె ముఖాన్ని అంత కాలానికి మళ్ళీ చూసినట్టయింది, కళ్ళు తుడుచుకున్నాను.

"ఒక్క మాట మేడం" అన్నాడు. "పిల్లలు పెద్దగ కనపడాలె అంటే చుట్టూ కట్ చెయ్యాలె. కట్ చేద్దామని చూస్తే చెయ్యి ఆగింది. గీ చేతులు ఎవరియి? అన్నిట్ల ఒక్కరియే ఉన్నయ్ గదా. పచ్చబొట్లు ఒకదాంతోటి ఒకటి పోల్చి చూసిన."

నేను వంగి చూశాను. ముప్పై తొమ్మిది ఫోటోల్లోనూ ఎర్రటి పసిబిడ్డ కింద అవే రెండు చేతులు. మణికట్టు మీద అవే గీతలు, వేళ్ళ మీద అవే చుక్కలు. ఒకదాంట్లో వాన నీళ్ళు కారుతూ, ఒకదాంట్లో గాజు విరిగి, తర్వాత తర్వాత వాటిలో చర్మం ముడతలు పడుతూ. సబ్‌సెంటర్ రిజిస్టర్‌లో కాన్పు చేసినవారు అనే గడిలో ప్రతి వరసలోనూ నా పేరే రాసుకున్నాను. "కట్ చెయ్యకండి" అన్నాను.

అట్టమీద ఏం వేయాలని అడిగాడు. ఏమీ వద్దన్నాను. ఆయన పుస్తకాల అట్టలకు వాడే ముదురు ఆకుపచ్చ కాలికో గుడ్డ అంటించి, దారంతో కుట్టి ఇచ్చాడు. ఆయన టీ తెప్పిస్తే తాగి, చేతులు జోడించి వచ్చేశాను. నా జీవితంలో ఫోటోలను నాకంటే శ్రద్ధగా చూసిన మనిషి ఆయనొక్కడే.

ఈసారి ఊళ్ళో నేనేమీ మాట్లాడలేదు. అవ్వ కూతురు మొదటి పేజీ తెరిచింది. చుక్కల మీద వేలు పెట్టి, కోయ మాటలో తల్లిని ఏదో పలకరించింది. తర్వాత పేజీ తిప్పింది. అక్కడే ఆగిపోయింది. ఇంకో పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది. నాకు ఇన్నేళ్ళు పట్టిన సంగతి ఆమెకు రెండో పేజీలోనే తెలిసిపోయింది.

"అవ్వ చేతులు" అన్నది. నా వైపు తిరిగి, "ఒక్కటే ఉన్నదంటివి గదా. గిన్ని ఉన్నయని చెప్పకపోతివి" అన్నది.

"నాకు తెలవదు బిడ్డా. ఎన్నడూ చూడలే" అన్నాను.

ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేజీలో అవ్వ చేతుల కింద తన అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి, తర్వాతి పేజీకి పోయింది. ముప్పై తొమ్మిదీ అయ్యేదాకా నేను పక్కనే కూర్చున్నాను. నేను ఎక్కవలసిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఇద్దరం లేవలేదు.