వీడియో చేయమంటే డిక్టేషన్ చెప్పిన దేవదానం సార్

నిన్న పొద్దున నంద్యాల బస్టాండ్ దగ్గర షూటింగ్‌లో ఉంటే మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, దేవదానం సార్ పోయినాడంట. గుండెపోటు."

నేను నమ్మలేదు. మొన్న సాయంత్రమే సార్ నా వీడియో కింద కామెంట్ పెట్టారు. "బాగుంది. ఇదే రాసుంటే ఇంకా బాగుండేది" అని.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సార్ ఆళ్లగడ్డ స్కూల్లో మాకు తెలుగు చెప్పారు. రిటైరయ్యాక ఫేస్‌బుక్‌లో ఊరి మనుషుల గురించి రాసేవారు. పేరాలకు పేరాలు.

నాదేమో వీడియో ఛానెల్. ఇద్దరికీ ఎప్పుడూ ఒకటే గొడవ.

"ఈ కాలంలో ఎవురు చదువుతారు సార్? అందరికీ వీడియోనే కావల్ల."

"చదువుతారప్పా. రాసేవోడు రాయల్ల గానీ."

అనేవారే గానీ, లైకులు తగ్గేకొద్దీ లోపల బాధే. పొద్దున్నే ఫోన్ చేసి "నిన్నటిది చదివినావా?" అని అడిగేవారు.

చదివేవాణ్ణి. నిజంగానే.

ఒకసారి బలవంతంగా కెమెరా ముందు కూర్చోబెట్టాను. టాపిక్, కోయిలకుంట్ల రోడ్డులో టీ అమ్మే మాబున్ని అవ్వ.

సార్ గొంతు సవరించుకున్నారు.

"మాబున్ని అవ్వ... మాబున్ని అవ్వ... తెల్లారకముందే లేస్తుంది... తెల్లారకముందే లేస్తుంది... ఫుల్ స్టాప్."

జీవితమంతా డిక్టేషన్ చెప్పిన నోరు మరి! నవ్వాపుకోలేక నా చేతిలో కెమెరా ఊగింది. ఎడిట్ చేయకుండా అట్లాగే వదిలాను.

వైరల్. నా ఛానెల్లో దేనికీ అన్ని వ్యూస్ రాలేదు. "చూసినారా సార్, వీడియో పవర్!" అని కాలరెగరేశాను.

తర్వాత కామెంట్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను.

సార్ పాత స్టూడెంట్లు... వెలుగోడులో సేద్యం చేసేవాడు, శ్రీశైలం డ్యామ్‌లో ఉద్యోగం చేసేవాడు, ముగ్గురు పిల్లల తల్లి... అందరూ వీడియో ఆన్ చేసుకుని, కాగితం మీద డిక్టేషన్ రాసి, ఫోటోలు పెట్టారు!

సార్ కూర్చుని ఒక్కొక్కరికీ మార్కులేశారు. ఎవ్వరికీ ఫుల్ మార్కులు ఇయ్యలేదు.

"ఏందప్పా, చదివేటోళ్లే లేరంటివి. రాసేటోళ్లు ఉండారు చూడు!"

ఆయన అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

నిన్న ఆళ్లగడ్డలో సార్ ఇంటి దగ్గర అందరూ నన్నే అడిగారు. "ట్రిబ్యూట్ వీడియో ఎప్పుడు పెడతాండావ్?"

పెట్టను. ఫుటేజ్ ఉంది, మ్యూజిక్ ఉంది. కానీ సార్‌కు నేను ఇవ్వాల్సింది వీడియో కాదు. అందుకే కూర్చుని ఇంత రాశాను, నా బతుకులో మొదటిసారి.

మీరు ఇక్కడిదాకా చదివారంటే, గెలిచింది సారే.

ఇక సెలవు సార్. మీరు నమ్ముకున్న ప్రభువు దగ్గర చల్లగా ఉండండి.